కొంగదొర ముసుగు

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ చివర కూర్చున్న నువ్వు కూడా రా. గోడకి అంటుకుపోయావేం, నువ్వు లేస్తే అది పడిపోతుందా? ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, అందుకని పిలుస్తున్నా. మీరు బొమ్మల పుస్తకాలు చదువుతారుగా. వాటిలో దొంగలుంటారుగా, తోడేలు తలకాయవాడు, తేలు తోకవాడు, ముంగిస మూతివాడు. మంచివాడికేమో చక్కటి మనిషి మొహం, చెడ్డవాడికేమో జంతువు మొహం. ఆ జంతువులు ఎవరి సొమ్ము తిన్నాయో పాపం. సరే, ఆ దొంగల్ని గీసిన ఒక చేతి కథ ఇది. వినండి.

ఆ బొమ్మల వారపత్రిక ఆఫీసంటే మేడమీద రెండు గదులు. కింద అచ్చు యంత్రం. అది తిరుగుతుంటే పైన బల్లలు సన్నగా వణికేవి. అందుకని యంత్రం ఆగినప్పుడు గీతలు గీసేవాళ్ళు, తిరిగేటప్పుడు నలుపు నింపేవాళ్ళు. బొమ్మల మాస్టారు పెన్సిలుతో వేసిన పేజీల మీద సిరా ఎక్కించేది ఒకావిడ. ఎక్కించడమే కాదు, ఎక్కడ గీత తప్పినా వెంట్రుకంత కుంచెతో తెల్లరంగు పూసి, అసలు తప్పే జరగనట్టు చేసేది. అందుకే ఆవిణ్ని అందరూ సున్నమక్కా అనేవాళ్ళు. “మా తప్పులకి సున్నం కొట్టే తల్లివి” అనేవాడు మాస్టారు. ఆవిడా నవ్వేది. చేతివేళ్ళ మీద ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు, ఎంత తోమినా పోయేవి కావు.

ఆ మంగళవారం ముసుగు తీసే వారం. ఆ పత్రికలో ప్రతి దొంగా పది పన్నెండు వారాలు జంతువు ముసుగులో తిరుగుతాడు. ఆఖరి వారం, ఆఖరి పేజీ, ఆఖరి గడిలో ముసుగు ఊడి అసలు మొహం కనబడుతుంది. ఆ వారం దొంగ కొంగదొర. తెల్లకోటు, పుల్లల్లాంటి కాళ్ళు, జానెడు ముక్కు. బడి వదిలే వేళకి గోడవారన ఒంటికాలి మీద కదలకుండా నిలబడి, ఒంటరిగా వచ్చే పిల్లల్ని లటుక్కున పట్టుకుపోయేవాడు. కొంగజపమంటే ఏమిటో చదివే పిల్లలందరికీ బాగా తెలిసొచ్చింది.

మాస్టారికి మూడు రోజులుగా జ్వరం. పేజీ అంతా ఎలాగో వేసి, ఆ చివరి గడిలో మొహం ఉండాల్సిన చోట కోడిగుడ్డంత గుండ్రం చుట్టి, మధ్యలో ఇంటూ పెట్టి, పెన్సిలు కింద పడేశాడు.

“ఇక నావల్ల కాదు సున్నమక్కా. ఆ మొహం నువ్వే వేసెయ్.”

“నేనా? ఎవరి మొహం వెయ్యను మాస్టారూ?”

“ఎవరిదో ఒకరిది. చూసినవాడు ఉలిక్కిపడాలి, అంతే. మా మామగారిది ఇప్పటికే మూడుసార్లు వాడేశాను, ఇంక ఇంటికెళ్తే నాకే ముసుగు కావాలి” అంటూ మెడకి తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి బ్లాకుల మనిషి వస్తాడు. పేజీలు పట్టుకెళ్ళి, బొమ్మని లోహపు పలకల మీదికి ఎక్కించి తెస్తాడు. వాడు మెట్లు దిగాడంటే ఇంక గీతని ఎవరూ మార్చలేరు. అప్పటికి మూడున్నర. కింద యంత్రం ఆగింది. సున్నమక్క కుంచె సిరాలో ముంచి, అంచుకి రాసి, గుడ్డు మీద మొదటి గీత పెట్టింది.

ఆమె బల్ల కిటికీ పక్కన. కిటికీ అవతల వీధి, వీధికి అటు బడిగోడ. ఆ గోడకి వీపు ఆనించి గోనెపట్టా మీద గొడుగులు బాగుచేసే ఆయన కూర్చుంటాడు. గొడుగులే కాదు, బడి సంచీల జిప్పులు, తెగిన పట్టీలు కూడా. ఎప్పుడు కాలిందో, ఎడమ చెంప చెవి దగ్గర్నుంచి పెదవి దాకా జిగురు రాసినట్టు మెరుస్తూ ముడుచుకుపోయి ఉంటుంది. ఆ పక్క కన్నురెప్ప పూర్తిగా మూతపడదు. సున్నమక్క అన్నం తింటూ, కుంచె కడుగుతూ, ఊరికే చెయ్యి నొప్పెట్టి తలెత్తినప్పుడల్లా చూసింది ఆ మొహాన్నే, ఎన్నో ఏళ్ళుగా. ఇవాళ తలెత్తనైనా లేదు. చెయ్యి దానంతటది నడిచింది. ముడతలు ఎన్నో దానికి తెలుసు. రెప్ప ఎక్కడ ఆగిపోతుందో తెలుసు.

సిరా ఆరాక గానీ ఆమెకి కనబడలేదు, తను ఎవర్ని గీసిందో.

“అయ్యో, అయ్యో” అనుకుంది. తెల్లరంగు సీసా మూత తిప్పింది. పొద్దున మూత సరిగ్గా పెట్టలేదేమో, రంగు పెరుగులా గడ్డకట్టింది. నీళ్ళు పోసి పుల్లతో కలపాలి. ఒక పూత వేసి ఆరనివ్వాలి, రెండో పూత వెయ్యాలి, అప్పుడు గానీ కింద నలుపు దాగదు. పుల్ల కోసం తడుముకుంటుండగానే మెట్ల మీద బ్లాకుల మనిషి చెప్పుల చప్పుడు, వెనకే యజమాని.

యజమాని పేజీ చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“అబ్బ! మొహమంటే ఇదీ! మాస్టారు ఇన్నేళ్ళూ గాడిద గుడ్లు గీస్తున్నాడు. ఎవరేశారిది?”

“నేనేనండీ. కొంచెం మార్చాలి సార్, ఒక్క పావుగంట…”

“ముట్టుకున్నావంటే ఆ సీసాలో నిన్ను ముంచుతా” అని నవ్వి, పేజీని అట్టల మధ్య పెట్టి ఇచ్చేశాడు.

ఒక్క మాట. “ఇది ఫలానా ఆయన మొహం సార్” అని ఒక్క మాట అంటే సరిపోయేది. పెదాల దాకా వచ్చింది. మరి ఇన్నేళ్ళకి యజమాని నోటి నుంచి మెచ్చుకోలు రావడం అదే మొదలు. ఆ మెప్పు ఉందే, అది తేనెలాంటిది, నోరు అంటుకుపోతుంది. బ్లాకుల మనిషి మెట్లు దిగిపోయాడు.

*

శుక్రవారం పత్రిక బయటికొచ్చింది. సున్నమక్క కూతురు ఆ ఎదురు బళ్ళోనే మూడో తరగతి. నాలుగింటికి బడి వదిలితే ఈవిడ పది నిమిషాలు సెలవడిగి కిందికి దిగి, పిల్లని తెచ్చి తన బల్ల కింద కూర్చోబెట్టుకునేది. ఆ రోజు గేటు దగ్గర పిల్లలు చీమల్లా గుంపులు కట్టారు. ఒకడి చేతిలో పత్రిక, పది తలకాయలు దాని మీద. తలలు వంచి పత్రిక చూడటం, ఎత్తి గోడవైపు చూడటం, మళ్ళీ వంచడం.

“వాడే రా!”

“చెంప చూడు!”

“ముక్కేది మరి?”

“చేతిలో ఉందిగా!”

గొడుగులాయన చేతిలో సన్నమూతి పట్టకారు ఉంది, గొడుగుపుల్లల తీగలు మెలిపెట్టేది. పొడుగ్గా, కొసగా, నిజంగానే కొంగముక్కులా ఉంది. ఆయన దాన్ని ఒకసారి తెరిచి మూశాడు, అలవాటుగా. పిల్లలు కెవ్వున అరిచి నాలుగు దిక్కులకీ పరిగెత్తారు. దూరంగా వెళ్ళి, అక్కణ్నుంచి రాగం తీశారు. “కొంగా! కొంగా!”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కుడిపక్కకే వస్తుంది, ఎడమపక్క కదలదు. సున్నమక్కని చూసి, “ఏంటమ్మా పిల్లలు ఇవాళ కొంగ కొంగంటున్నారు? వాన పడుతుందనా? పడితే మంచిదే, నాలుగు గొడుగులొస్తాయి” అన్నాడు.

ఆమె ఏమంటుంది? “ఏమో అన్నా” అంది. కూతురి చెయ్యి పట్టుకుంది. పిల్ల చెయ్యి చల్లగా ఉంది, తల్లి వెనక దాక్కుని ఒక్క కన్నుతో చూస్తోంది.

శనివారం ఒక్కపూట బడి. ఆ పూట ఒక్క సంచీ ఆయన దగ్గరికి రాలేదు. గోనెపట్టా ముందు ఎప్పుడూ నలుగురు తల్లులు నిలబడి కబుర్లాడుకునేవాళ్ళు. ఇవాళ వీధికి అటుపక్క నుంచి నడిచారు, పిల్లల భుజాల మీద చేతులేసి. బడి కాపలావాడు వచ్చి, “కొంచెం ఆ చివరికి జరుగు పెద్దాయనా. పిల్లలు జడుసుకుంటున్నారు” అన్నాడు.

“నన్ను చూసా? నిన్నా మొన్నా లేని జడుపు ఇవాళేంటి బాబూ?”

“నాకేం తెలుసు. జరుగు.”

ఆయన పట్టా మడిచి, రేకు పెట్టె ఎత్తుకుని, గోడ చివర చెత్తకుండీ పక్కకి జరిగాడు. ఇదంతా సున్నమక్క కిటికీలోంచి చూసింది. చూసి, మెట్ల దగ్గరికి వెళ్ళి, తన గొడుగు తీసి మోకాలి మీద పెట్టి, ఒక పుల్ల ఫట్‌మని విరిచింది. ఆ గొడుగు పట్టుకుని కిందికి దిగింది.

ఆయన గొడుగు తెరిచి, వేలితో పుల్ల వెంట తడిమి చూశాడు. “ఇది గాలికి విరిగింది కాదమ్మా. గాలికైతే కీలు దగ్గర విరుగుతుంది. ఇదేంటి, మధ్యలో?”

“మా పిల్ల… ఆడుకుంటూ…”

“ఆఁ, పిల్లలు” అన్నాడు. “ఉంచమ్మా. మిగతా పుల్లలు కూడా వదులుగానే ఉన్నాయి, అన్నీ కట్టి ఇస్తాను. ఇప్పుడు నాకు తీరిక బోలెడు.”

*

సోమవారం ఆఫీసు పెళ్ళివారిల్లులా ఉంది. శనివారం మధ్యాహ్నానికే అంగళ్ళలో పుస్తకాలు అయిపోయాయట. యజమాని గదుల మధ్య తిరుగుతూ చేతులు రుద్దుకుంటున్నాడు. “కొంగదొర చావకూడదు! పట్టుబడ్డాడుగా? తప్పించండి. నేలలోంచి సొరంగం తవ్వండి, ఆకాశం నుంచి నిచ్చెన దింపండి, నాకనవసరం. ఇంకో నాలుగు వారాలు నడవాలి.”

మాటల బుడగల్లో మాటలు రాసే ఆయన్ని అక్షరాల బాబాయి అనేవాళ్ళు. ఎనిమిదో తరగతి తప్పాడు గానీ దస్తూరీ ముత్యాల సరం. యజమాని అటు వెళ్ళగానే సున్నమక్క బల్ల మీదికి వంగాడు.

“ఎదురుగోడ ఆయనేగా?”

ఆమె కుంచె సిరాలో ముంచింది.

“నాకు శుక్రవారమే తెలుసు. కిటికీ నీకొక్కదానికే ఉందనుకున్నావా? ఊరుకో, ఇలాంటివి రెండు వారాల్లో మరిచిపోతారు జనం.”

“ఆయన్ని చెత్తకుండీ పక్కకి తోశారు బాబాయ్.”

“నువ్వు తోశావా? కాపలావాడు తోశాడు.”

“నేను గీస్తే వాడు తోశాడు.”

బాబాయి పాళీ తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

మధ్యాహ్నం దాకా ఆలోచించి, సున్నమక్క యజమాని గది గుమ్మంలో నిలబడింది. “సార్, కొంగదొరని తప్పించడానికి ఒక దారి ఉంది. ఆ కనబడిన మొహం కూడా ముసుగేనని పెడదాం. జైల్లో అందరూ చూస్తుండగా ఆ మొహాన్నీ పీకేస్తే, లోపల అసలు దొంగ.”

యజమాని కుర్చీలో నిటారుగా అయ్యాడు. “ముసుగు కింద ముసుగు!”

“అవునండీ. ఆ మొహంవాడు అమాయకుడు. వాడి పోలిక దొంగిలించి తగిలించుకున్నారన్నమాట.”

“సున్నమక్కా, నీకు సున్నం కాదు, బుర్రుంది! లోపల ఎవరు?”

“ఆడమనిషి సార్. దొర కాదు, దొరసాని.”

ఆయన బల్ల గుద్ది నవ్వాడు. సరే, అలా ఆ పని ఒప్పుకున్నాడు.

మంగళవారం, యంత్రం ఆగిన వేళ, సున్నమక్క సంచీలోంచి అరచేతంత అద్దం తీసి సిరాబుడ్డికి ఆనించింది. పెన్సిలు ముట్టలేదు. అద్దం చూడటం, గీయడం. కింది పెదవి కింద పుట్టుమచ్చ. ఎడమ కనుబొమ మధ్యలో తెగిన గీత, చిన్నప్పుడు గడప తగిలి పడింది. ముందుపళ్ళ సందు. చెంపల మీద వయసు. గీత ఎక్కడా తేలిక చెయ్యలేదు. ఇంకొంచెం చెడుగా కావాలని కళ్ళ కింద నలుపు కూడా నింపింది. ఇప్పుడు జనం ఆయన్ని వదిలేసి తన వెంట పడతారు, పడనీ అనుకుంది. తన తప్పుకి తనే సున్నం కొట్టుకుంటున్నట్టు, మనసుకి ఎంతో తేలికయింది.

బుడగలోకి మాటలు కూడా తనే చెప్పి బాబాయి చేత రాయించింది: “అది నా ముఖం కాదు. ఒక అమాయకుడి ముఖం దొంగిలించాను. అతనికి ఏ పాపం తెలియదు.” బాబాయి ముత్యాల్లా రాశాడు. యజమాని వచ్చి చూసి మొహం చిట్లించాడు. “ఇదేంటి, క్షమాపణ పత్రమా? బుడగ సగం పేజీ తినేసింది. కొట్టెయ్. ‘హహ్హహ్హా! అది ముసుగు!’ చాలు.”

“సార్, ఆ అమాయకుడన్న ముక్కైనా…”

“అమాయకుల కోసం ఎవరూ పుస్తకం కొనరమ్మా.”

తెల్లరంగు ఆవిడ చేతే పూయించాడు. రెండు పూతలు. ఈసారి రంగు చక్కగా కలిసింది, కింద ఒక్క అక్షరం కనబడలేదు.

*

గురువారం పొద్దున పిల్ల బడికి వెళ్ళనంది. తల్లి జడ వేస్తోంది, పొయ్యి మీద పాలు. పిల్ల మూలుగుతోంది, “కొంగ ఉంటాడమ్మా, పట్టుకుపోతాడు.”

“కొంగా లేదు, గింగా లేదు. ఆయన మంచాయనే. నీ సంచీ జిప్పు రెండుసార్లు బాగుచెయ్యలేదూ?”

“మరి పుస్తకంలో మొహం?”

“అది నిజం మొహం కాదే తల్లీ. ముసుగు. రేపు పత్రిక వస్తుందిగా, చూడు. ఆ మొహం ఊడొచ్చేస్తుంది.”

“నిజంగా ఊడుతుందా?”

“ఊడుతుంది.”

“పీకితే వచ్చేస్తుందా?”

పాలు పొంగుతున్నాయి. “ఆఁ, వచ్చేస్తుంది, కదలకు” అంటూ రిబ్బను నోట్లోంచి తీసి ముడేసి, పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

ఇక్కడ ఆగండి ఒక్కసారి. మీరైతే ఏమనుండేవాళ్ళు? నేనైనా అదే అనుందును. పిల్ల ఏడుపు మానాలి, పాలు పొంగకూడదు, ఆఫీసుకి వేళైపోకూడదు. ఆ మూడింటి మధ్య నోరు జారిన మాట అది.

శుక్రవారం పత్రిక వచ్చింది. నాలుగైంది. కింద యంత్రం తిరుగుతోంది, బల్ల వణుకుతోంది, సున్నమక్క తొందరగా కుంచె కడుగుతోంది. వీధిలోంచి పిల్లల కేకలు. ఇవాళ కేకలు భయంతో కాదు, ఆటలో గెలుస్తున్నప్పటి కేకలు. ఆమె కిటికీలోంచి తొంగిచూసి, కుంచె అక్కడే వదిలేసి మెట్లు మూడేసి చొప్పున దిగింది.

గోడ చివర, చెత్తకుండీ పక్కన, ఇరవైమంది పిల్లలు. “పీకు! పీకు! లాగు!” మధ్యలో గొడుగులాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ఒడిలోకి ఎక్కి, మోకాళ్ళు ఆయన ఛాతీకి ఆనించి, రెండు చేతులతో ఆ ముడుచుకున్న చెంపని గోళ్ళతో పట్టి లాగుతున్నది ఎవరనుకున్నారు? ఆమె కూతురే. నిన్నటిదాకా వణికిన పిల్ల, ఇవాళ అందరికంటే ధైర్యవంతురాలు. ఎందుకంటే దానికి తెలుసు కదా. వాళ్ళమ్మే చెప్పింది కదా.

ఆయన పిల్లని తొయ్యలేదు. ఆయన చేతిలో ఆ సన్నమూతి పట్టకారు ఉంది, కొస పదునుది, పిల్ల కళ్ళ ఎత్తులో. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు, ఎక్కడ పిల్లకి గుచ్చుకుంటుందోనని. అలా చేతులు వెనక్కి పెట్టుకుని, మూతపడని ఆ కన్నుతో ఆకాశంలోకి చూస్తూ, లాగినంతసేపూ లాగనిచ్చాడు. చెంప మీద నాలుగు సన్నటి ఎర్రగీతలు లేచాయి.

పిల్ల తల్లిని చూసింది. మొహం ఏడుపుకి తిరిగింది.

“అమ్మా, రావట్లేదే!”

ఆమె పిల్లని లాగేసి చంకనేసుకుంది. ఇంతలో తల్లులు, కాపలావాడు, దారినపోయేవాళ్ళు పోగయ్యారు. పోగవడమే ఆలస్యం, కథ తయారైపోయింది.

“పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడట!”

“నాకు మొదటే అనుమానం.”

“బొమ్మలో ఊరికే వేశారా? నిప్పు లేందే పొగ రాదు.”

సున్నమక్క గొంతు చించుకుంది. “ఆయన ఏమీ చెయ్యలేదు! ఆ బొమ్మ నేను గీశాను! ఆ పత్రికలో సిరా వేసేది నేనే. పొరపాటున ఆయన మొహం వచ్చింది. ఇదిగో, చూడండి, ఈ వారం అసలు దొంగని వేశాం, ఇది నా మొహం! నన్ను చూడండి!” ఒక పిల్లవాడి చేతిలో పత్రిక లాక్కుని తన చెంప పక్కన పట్టుకుంది.

జనం పత్రిక చూశారు. ఆవిణ్ని చూశారు.

“ఎక్కడమ్మా పోలిక?” అంది ఒకావిడ. “అది దొంగమొహం. మీరు చక్కగా ఇంటావిడలా ఉన్నారు.”

“పిల్లకి ఏమైనా అయిందేమో అది చూసుకోండి ముందు. పాపం, కంగారులో ఏదేదో అంటోంది” అంది ఇంకొకావిడ, ఆమె వీపు నిమురుతూ.

మరి అంతేకదా. రోజూ ఆ గేటు దగ్గర వాళ్ళ పక్కనే నిలబడిన మనిషి. ఒక్కరూ ఏనాడూ ఆమె మొహం సరిగ్గా చూసినవాళ్ళు కారు. మచ్చలేని మొహాన్ని జనం చూడరర్రా, దాటిపోతారు.

కాపలావాడు రేకు పెట్టెని కాలితో జరిపి, “ఇక చాలు పెద్దాయనా. సర్దుకో. రేపటి నుంచి ఈ వీధిలో కనబడకు” అన్నాడు. జనం సద్దుమణిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆయన పట్టకారు పెట్టెలో పెట్టాడు. తీగచుట్టలు, గుడ్డముక్కలు, సూదుల డబ్బా, ఒక్కోటీ దాని గూటిలో. సున్నమక్క పిల్లని పట్టుకుని అక్కడే నిలబడింది. వెళ్ళలేకపోయింది, ఉండలేకపోయింది.

ఆయన చెయ్యి చాపాడు, పత్రిక కోసం. ఇచ్చింది. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరికి తెచ్చి చూశాడు.

“పుట్టుమచ్చ కూడా వేశావమ్మా” అన్నాడు. “కనుబొమ దగ్గర ఆ గాటు కూడా. బాగా కుదిరింది.”

ఆమె పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆయనే అన్నాడు, “కిటికీలో రోజూ చూసే మొహమేగా. నువ్వు ఇటు చూస్తే నాకు కనబడవా?”

“అన్నా, నేను కావాలని…”

“ఒకటి అడుగుతాను చెప్పు. దొంగల్ని పట్టుకునే ఆ మంచివాడు ఉన్నాడే, వాడి మొహం ఎవరిది?”

ఆమె ఆలోచించింది. మాస్టారు వాణ్ని కళ్ళు మూసుకుని గీస్తాడు, ఇన్నేళ్ళుగా అదే ముక్కు, అదే గడ్డం. “ఎవరిదీ కాదన్నా” అంది. “ఎవర్నీ చూడకుండా వేస్తారు.”

“దొంగకే మనిషి కావాల్సొచ్చాడన్నమాట” అన్నాడు. కోపంగా కాదు. గొడుగుపుల్ల ఎక్కడ విరిగిందో చెప్పినట్టు చెప్పాడు. పత్రికని నాలుగు మడతలు పెట్టి ఆమెకే ఇచ్చేసి, పెట్టె భుజానికెత్తుకుని, పట్టా చంకలో పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు.

*

సోమవారం గోడ దగ్గర ఎవరూ లేరు. మొదట కూర్చునే చోట, ఇన్నేళ్ళూ వీపు ఆనిన మేర గోడ నున్నబడి నల్లగా ఉంది, మనిషి కూర్చున్నంత ఎత్తున. కాపలావాడు సున్నమక్కని కేకేసి గొడుగు ఇచ్చాడు. “మీదేనట. పొద్దున్నే వచ్చి ఇచ్చిపోయాడు.”

తెరిచి చూసింది. విరిగినది మార్చాడు. వదులుగా ఉన్నవన్నీ, ఎనిమిది పుల్లలకీ కొసకొసనా నల్లదారం చుట్టి, ముడులు బయటికి కనబడకుండా లోపలికి మడిచి కట్టాడు.

“అమ్మా” అంది పిల్ల, గొడుగు కిందికి దూరి. “ఆయన మొహం కింద ఎవరున్నారు?”

“ఆయనే” అంది తల్లి.

“ముసుగు కాదా మరి?”

“కాదు. అమ్మ అబద్ధం చెప్పింది.”

పిల్ల తన గోళ్ళకేసి చూసుకుంది. చేతులు గౌను వెనక్కి పెట్టేసుకుంది. చాలాసేపు అలాగే నడిచింది.

మాస్టారికి జ్వరం తగ్గింది. కొత్త దొంగ తొండరాయుడు. కొంగదొరసాని ఒక్క వారానికే పాతబడింది. “ఆడమనిషి మొహంలో పస లేదు, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు” అన్నాడు యజమాని. తొండరాయుడికి ముసుగు తీసే వారం వచ్చేసరికి మాస్టారు పేజీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు, చివరి గడిలో కోడిగుడ్డుతో. “ఇది ఇక నీ పనే సున్నమక్కా. సారు ఆర్డరు.”

ఆమె కిటికీ తలుపు మూసింది. కుంచె ముంచి, కళ్ళు బల్ల మీంచి ఎత్తకుండా, ముక్కు పెట్టింది, గడ్డం పెట్టింది. ఆ మంచివాడి ముక్కు, ఆ మంచివాడి గడ్డం. యజమాని చూసి పెదవి విరిచాడు.

“ఇదేంటి ఇంత చప్పగా ఉంది? ఎవరిలాగానూ లేదే!”

“లేదండీ” అంది సున్నమక్క. “ఎవరిలాగానూ లేదు.”

తర్వాతి వారం నుంచి మొహాలు వెయ్యడానికి ఇంకొకరు వచ్చారు. ఆమెని నలుపు నింపే బల్లకి, కిటికీ లేని గదిలోకి మార్చారు.

అంతేనర్రా. ఆ గొడుగులాయన ఎటు పోయాడో, ఏ గోడకి వీపు ఆనించాడో నాకు తెలీదు. తెలిస్తే చెప్పనా? ఈ కథ మీలోనే ఉంచుకోకండి, ఇంకొకరికి చెప్పండి. మీ ఊరి పేరు పెట్టుకోండి, మాటలు మార్చుకోండి, నేనేం అనుకోను. ఆయన్ని మాత్రం కొంగ అనకండి. నవ్వించడానికైనా సరే, ఒక్కసారికైనా సరే. గొడుగులాయన అనండి. మిగతాదంతా మరిచిపోయినా, పిల్ల చెంప పీకుతుంటే ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడే, ఆ ముక్క గుర్తుపెట్టుకోండి. అది వదిలేసి చెప్పకండి.